జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు

ఐదోసారి కూడా ఎవరూ ఎత్తలేదు.

మాల్యాద్రి చెవుల మీది హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. మోకాలు దానంతట అదే ఆడుతోంది. పొద్దున్నుంచీ అంతే. తన బల్ల కూడా ఊగుతోందని పక్క కుర్చీలో జిలానీ అప్పటికి రెండుసార్లు చెప్పాడు.

"కాలు ఆపన్నా. భూకంపమనుకొని ఒంగోలు జనం రోడ్డెక్కేట్టుండారు."

ఆపాడు. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

అది డిసెంబరు ఆఖరి వారం. 'ఊరిమాట' అనే సర్వే కంపెనీ, మూడో అంతస్తు. నలభై మంది వరసగా కూర్చుని ఫోన్లు చేస్తున్నారు. సముద్రం ఏటేటా లోపలికి వస్తోంది. తీరంలో ఉప్పు పండించే ఇరవై రెండు ఊళ్ళను అడగాల్సింది ఒక్కటే. అడ్డంగా గోడ కట్టాలా, ఊళ్ళను లేపి ముప్పై కిలోమీటర్ల లోపల కాలనీకి తీసుకుపోవాలా. నూటికి అరవై మంది పోతామంటే గోడ ఉండదు. తర్వాత ఊరూ ఉండదు. ఊళ్ళో సభ పెట్టి చేతులెత్తించే రోజులు పోయి ఏడేళ్ళయింది. ఇప్పుడు ఫోనే సభ.

ప్రశ్నలు ఎనిమిది. రాసింది రాసినట్టు చదవాలి. సగం మందికి గోడ మాట ముందు చదవాలి, సగం మందికి కాలనీ మాట ముందు చదవాలి. చదివేవాడి ఇష్టం గొంతులో తెలియకూడదు. ఫోను ఎత్తినవాళ్ళనల్లా అడగడానికీ లేదు. ఇంట్లో పుట్టినరోజు ఎవరికి దగ్గరగా వచ్చిపోయిందో వాళ్ళనే అడగాలి. గుర్తింపు కార్డుల లెక్క చూసి ఆ పేరు కంప్యూటరే చూపిస్తుంది.

పొద్దున కుర్చీలో కూర్చోగానే ఒక ముసలామె మాల్యాద్రిని ఉతికి ఆరేసింది.

"నాతో చెప్పు. నేనుండాగా."

"నీతో కాదవ్వా. మీ మనవరాలు లావణ్యతో మాట్లాడాలి."

"అది హైదరాబాదులో ఉంది. ఉప్పుమళ్ళు తొక్కేది నేనైతే, జవాబు అది చెప్తదా?"

"పుట్టినరోజు మొన్న ఆమెకే వచ్చిందవ్వా. ఇది లాటరీ లాంటిది. ఎవురు ఫోను దగ్గరుంటే వాళ్ళనే అడిగితే, ఎప్పుడూ వాళ్ళ మాటే పడుద్ది గదా."

"ఏడిసినట్టుంది నీ లాటరీ," అని ఆమె లావణ్య నంబరు చెప్పి పెట్టేసింది. లావణ్య అర నిమిషంలో కాలనీ అనేసింది.

ఆ తర్వాత వచ్చిందే ఈ నంబరు. ఉప్పువాగుపాలెం. ఇంట్లో ఒక్కరే. పేరు అంకమ్మ, వయసు అరవై మూడు.

మాల్యాద్రి సొంత అక్క.

తెలిసినవాళ్ళ నంబరు వస్తే పక్క కుర్చీకి పంపాలి. అది ఆఫీసు నియమం. మాల్యాద్రి పంపలేదు. పొద్దున పదికి ఒకసారి చేశాడు. గంట గంటన్నర ఎడం ఇచ్చి మళ్ళీ చేశాడు. ఇలా ఐదుసార్లు.

పదకొండేళ్ళ కిందట తుఫాను వస్తోందంటే వాళ్ళనూ వీళ్ళనూ బతిమాలి ఒక వ్యాను తీసుకుని ఊళ్ళోకి పోయాడు. అక్క రానంది. అమ్మ కూడా రానంది. ఉప్పుమడి గట్టు చూసుకోవాలంది. మాల్యాద్రి వినలేదు. అమ్మను రెండు చేతులా ఎత్తి వ్యానులో కూర్చోబెట్టాడు. తుఫాను ఒంగోలు దాటిపోయింది, ఊరికి ఏమీ కాలేదు. షెల్టరు వరండాలో అమ్మకు జ్వరం తగిలింది. గట్టు ఎట్లా ఉందో చూసి రమ్మని మూడు రోజులు అడిగి నాలుగో రోజు పోయింది. అంకమ్మ దినాల రోజున ఒకటే మాట అంది. "అమ్మని అడక్కుండా తీసకపోయినావు. ఇంక నన్నేం అడగబాక." ఆ తర్వాత మాటల్లేవు.

అడగడం తెలియదనిపించుకున్న మనిషికి అడగడమే ఉద్యోగమైంది.

తెర మీద ఆకుపచ్చ గీత వెలిగింది. ఆరోసారి. ఐదుసార్లకూ ఎత్తకపోతే, నియమం ప్రకారం ఇక ఎత్తేది అక్క కాదు, మారుగొంతు.

మారుగొంతును చేసింది సువర్చల. ముప్పై ఐదేళ్ళ మనిషి, లెక్కల్లో డాక్టరు, ఆఫీసుకు పెద్ద. నూరు ఫోన్లు చేస్తే తొమ్మండుగురు ఎత్తే రోజులు వచ్చాయి. ఆ తొమ్మండుగురి మాటను నూరుగురి మాటగా అమ్మడం ఆమెకు గిట్టలేదు. ఎత్తనివాళ్ళకు గొంతులు కట్టింది. గ్యాసు బండ కోసం చేసిన ఫోను, కరెంటు పోయిందని పెట్టిన మొర, ఇలా ఎక్కడెక్కడో మిగిలిన మాటల్నించి గొంతు తీసుకుంటుంది యంత్రం. ఆ ఊళ్ళో నిజంగా మాట్లాడినవాళ్ళు ఏం చెప్పారో చూసి జవాబు తీసుకుంటుంది. అడిగేది మాత్రం మనిషే అయ్యుండాలని చట్టం. అందుకని నలభై మందికీ ఇంకా కుర్చీలున్నాయి.

"అలో. ఎవురూ?"

మాల్యాద్రి హెడ్‌ఫోను చెవికి అదిమి పట్టుకున్నాడు. పదకొండేళ్ళు. అదే బొంగురు, మాట చివర అదే సాగతీత.

కాగితం చూసి చదివాడు. రాసింది రాసినట్టు.

"పోతాం నాయనా," అంది గొంతు వెంటనే. "ఇంకెన్నాళ్ళీ ఉప్పునీళ్ళతో. గోడ కడితే మాత్రం ఆగుద్దా?"

ఎనిమిది ప్రశ్నలూ అయిపోయాయి. లైను తెరిచే ఉంది. మాల్యాద్రి అటూ ఇటూ చూశాడు. కాగితం బోర్లించాడు.

"అక్కా, నేను, మాల్యాద్రిని. నామీద ఇంకా కోపముందా?"

"కోపమేముంటదిరా తమ్ముడా. అయిపోయిందేదో అయిపోయింది."

మోకాలు ఆగింది.

"ఏందన్నా, ఏడుస్తుండావా?" అన్నాడు జిలానీ.

"కంట్లో దుమ్ము."

"అద్దాల గదిలో దుమ్మెక్కడిదన్నా. చెప్పేదన్నా కొంచెం కుదిరేది చెప్పు."

మర్నాడు సువర్చల పిలిచింది. రికార్డు ఆమె ముందుంది.

"మాల్యాద్రిగారూ, ఆమె మీకేమవుతుంది?"

"మా అక్క అవుద్దమ్మా. నియమం తప్పినా. ఏమన్నా అనండి."

 ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. మారుగొంతులు నిజం లెక్కలోకి ఎక్కడం ఇదే మొదటిసారి. అసలు మనిషిని ఎరిగినవాళ్ళు ఒక్కరైనా విని, ఇది ఆ మనిషి గొంతే, ఆ మనిషి తీరే అని సంతకం చెయ్యాలని సర్కారు షరతు పెట్టింది. సాక్షి కోసం ఆమె వారం నుంచీ వెతుకుతోంది.

"నిజం చెప్పండి. అచ్చం ఆవిడలాగే ఉందా?"

 అక్క ఏ మాటకూ అంత తొందరగా జవాబు చెప్పే మనిషి కాదు. అన్నం పెట్టమంటావా అంటే కూడా ఆలోచించి చెప్పేది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ పక్కకు నెట్టాడు. ఎందుకంటే ఆ గొంతు తనను క్షమించింది. అది అక్క గొంతు కాదంటే ఆ క్షమ కూడా అక్కది కాకుండా పోతుంది.

"అచ్చం మా అక్కేనమ్మా," అన్నాడు. సంతకం పెట్టాడు.

జనవరి ఒకటిన ఆఫీసులో కేకు కోశారు. కొత్త సంవత్సరానిదీ, మాల్యాద్రిదీ కలిపి ఒకటే కేకు. కార్డు ప్రకారం అతని పుట్టినరోజు ఆ రోజే.

"రాసి పెట్టి పుట్టినావన్నా," అన్నాడు జిలానీ. "నువ్వు పుట్టినావని దేశమంతా టపాకాయలు."

సువర్చల కూడా నవ్వింది. లెక్క తేలిందని చెప్పింది. నూటికి అరవై ఎనిమిది మంది పోతామన్నారు. బుధవారం ఫలితం బయటికి పోతుంది.

ఆదివారం మాల్యాద్రి డజను అరటిపళ్ళు కొనుక్కుని ఉప్పువాగుపాలెం బస్సెక్కాడు. కోపం లేదందిగా. ఇంకెందుకు ఆగాలి. కిటికీ పక్క సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాడు. ఊరు ఇంకా రెండు కిలోమీటర్లుండగానే లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఉప్పు మొదలయ్యే కాలం. మళ్ళు తొక్కుతున్నారు. నలుగురు వరసగా, చేతికర్రలు ఊతం పట్టుకుని, బంకమట్టి నేలను పాదాలతో అణగదొక్కుతూ పోతున్నారు. అడుగు గట్టిపడకపోతే ఉప్పులో మట్టి కలుస్తుంది. నలుగురికీ అరవై దాటాయి. చివర ఉన్నది అంకమ్మ. మోకాళ్ళ దాకా మట్టి ఎండి తెల్లగా ఉంది.

"అక్కా."

ఆమె తలెత్తలేదు. కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

"ఎవురదీ, మాల్యాద్రా?" అన్నాడు ముందున్న సింగరయ్య. వరసకు మామ. "దోవ తప్పినావా ఏంది?"

మాల్యాద్రి గట్టు మీద చెప్పులు విప్పాడు. మడిలో దిగడానికి ధైర్యం చాల్లేదు. అక్కడే నిలబడ్డాడు.

"అక్కా, కోపం లేదన్నావుగా. అందుకే వచ్చినా."

అంకమ్మ కాళ్ళు ఆగాయి. పదకొండేళ్ళ తర్వాత తమ్ముడి మొహం చూసింది.

"ఎవురితో అన్నా?"

"నాతోనే. ఫోనులో."

"నేను ఫోను ముట్టుకోని ఏడాదయింది. దాని మోత పడలేక బియ్యం డబ్బాలో పెట్టినా."

 అది యంత్రమని మాల్యాద్రికి తెలుసు. అయినా మనసు ఇన్ని రోజులూ ఆ మాట తెలియనట్టే నడిచింది.

"కాలనీకి పోతానన్నావు గూడా," అన్నాడు మెల్లగా.

మిగతా ముగ్గురూ ఆగిపోయారు.

"ఎవురు పోతామన్నారు?" అన్నాడు సింగరయ్య.

"నూటికి అరవై ఎనిమిది మంది, మామా."

"వాళ్ళెవురో ఒకళ్ళని చూపించు. చూసి పెడతా. మా ఇంటికీ ఫోనొచ్చింది. నేనే ఎత్తినా. నీతో కాదు తాతా, నీ మనవడితో అన్నారు. ఆడు చెన్నైలో లారీ తోల్తుండాడు. పోతారా అని ఆడినడిగితే ఏమంటాడు? ఆడు పోయే ఉండాడుగా!"

"మా ఇంట్లో కోడల్నడిగారు," అంది మధ్యలో ఉన్న రమణమ్మ. "అది పుట్టింటికాడుంది."

మాల్యాద్రి మోకాలు మళ్ళీ అందుకుంది. మడిగట్టు మీద నిలబడే వణుకుతోంది.

"మామా, నీ పుట్టినరోజెప్పుడు?"

"నాకేం ఎరిక? పెద్ద ఉప్పెన పోయిన రెండో ఏడు అనేది మా అమ్మ. కార్డులో ఏందో రాసినారు. ఆ... జనవరి ఒకటి."

"నీది, రమణమ్మొదినా?"

"నాదీ జనవరి ఒకటే. నాదీ, మా ఆయనదీ, మా అత్తదీ. ఇంటిల్లిపాదీ ఒకనాడే పుట్టినాం!" అని ఆమె నవ్వింది.

అక్కను అడగనక్కర్లేదు. కార్డులు రాసినతను బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న రోజు ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వరసలో నిలబడ్డారు. తేదీ తెలియదన్నవాళ్ళందరికీ అతను ఒకటే వేశాడు. ఊరూరా అలాగే వేశారు.

ఫోన్లు చేసింది డిసెంబరు ఆఖరున. పుట్టినరోజు ఎవరికి దగ్గరగా వచ్చిపోయిందని వెతికితే, జనవరి ఒకటి అందరికన్నా దూరాన పడుతుంది. ఇంట్లో వేరే తేదీ ఉన్న మనిషి ఒక్కరుంటే చాలు, ముసలివాళ్ళ వంతు రాదు. ఒంటరివాళ్ళ వంతు వచ్చింది. వాళ్ళు ఫోను ఎత్తరు. ఎత్తనివాళ్ళకు యంత్రం జవాబు తెచ్చింది, ఎత్తినవాళ్ళ దగ్గర్నుంచి. ఎత్తినవాళ్ళు చెన్నైలో, హైదరాబాదులో ఉన్నారు. అక్క గొంతులో సింగరయ్య మనవడు మాట్లాడాడు.

మరి తనను క్షమించింది ఎవరు? ఎవరి మాటో అది. ఎవరిదో కూడా తెలియదు.

"అక్కా," అన్నాడు. "ఆ గొంతు నీదేనని సంతకం పెట్టినా. తప్పు నాది. రేపు పదింటికి ఫోను చేస్తా, నేనే. ఎత్తితే అడుగుతా. ఎత్తకపోతే ఎత్తలేదని రాసుకుంటా. నీ బదులు ఎవురూ చెప్పరు."

"అమ్మని బండెక్కించేటప్పుడు అడిగినావా?"

"అడగలా."

"ఇప్పుడు అడిగేదానికి జీతమిస్తుండారా?"

"ఇస్తుండారు."

రమణమ్మ నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకుంది. అంకమ్మ నవ్వలేదు. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. మాల్యాద్రి అరటిపళ్ళు గట్టు మీద పెట్టి వచ్చేశాడు.

సోమవారం తొమ్మిదింటికి సువర్చల గది తలుపు తట్టాడు. చెప్పాల్సింది నాలుగు మాటల్లో చెప్పాడు. ఆమె కాదనలేదు. తెర తిప్పుకుని వెతికింది. అరవై దాటినవాళ్ళలో నిజంగా మాట్లాడింది ఎంతమంది? ఇరవై రెండు ఊళ్ళకూ కలిపి పదకొండు మంది. మిగతా పంతొమ్మిది వందల మందీ మారుగొంతులే.

ఆమె ఆ అంకెను కాగితం మీద రాసుకుంది.

"నా పుట్టినరోజు మార్చి పధ్నాలుగు," అంది. "అందరికీ ఒకటుంటుందనుకున్నాను. ఆ కేకు కోసిన రోజున కూడా నాకు తట్టలేదు."

"నాకూ తట్టలేదమ్మా. నాది జనవరి ఒకటే అయ్యుండి గూడా."

"నేను తప్పని చెప్పినా సర్కారువాళ్ళు ఒప్పుకోరు. సరిచేసి బుధవారానికి ఇవ్వమంటారు. సాక్షి సంతకం వెనక్కి తీసుకుంటేనే మొత్తం రద్దవుతుంది. అది కూడా ఊరికే తీసుకోవడానికి లేదు. అవే ఎనిమిది ప్రశ్నలకు అసలు మనిషి చెప్పిన జవాబు పక్కన పెట్టాలి." ఆమె ఆగింది. "తప్పుడు సాక్ష్యం కింద మీ ఉద్యోగం పోతుంది."

"పోనీండమ్మా."

"నా యంత్రం కూడా పోతుంది," అంది సువర్చల. ఆ మాట అంటూనే అంకమ్మ నంబరుకు మారుగొంతును తన చేత్తోనే ఆపేసింది. "ఐదుసార్లే. నియమం మార్చను. ఎడం కూడా పాటించండి."

పది గంటలకు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

పదకొండున్నరకు చేశాడు. ఒంటిగంటకు చేశాడు. జిలానీ క్యారేజీ విప్పి సగం అన్నం అతని వైపు జరిపాడు. మాల్యాద్రి ముట్టలేదు. వరండాలోకి పోయి వచ్చాడు. కుర్చీలో కూర్చుని లేచాడు. మూడింటికి చేశాడు. ఎవరూ ఎత్తలేదు. చెవిలో ఆ మోత అలాగే ఉండిపోయింది. జిలానీ బల్ల ఊగుతున్నా ఏమీ అనలేదు. టీ తెచ్చి పెట్టాడు, అది చల్లారిపోయింది.

ఐదింటికి ఐదోసారి. సువర్చల వచ్చి వెనక నిలబడింది.

మోగింది. మోగుతోంది. పది, పదకొండు. ఇంక ఆగిపోతుందనగా లైను కలిసింది, రేకు మూత పక్కన పెట్టిన చప్పుడు వినబడింది. బియ్యం డబ్బా మూత.

అవతల ఎవరూ హలో అనలేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది.

"అక్కా, ఆ రోజు అమ్మనడగలా," అన్నాడు మాల్యాద్రి. "ఇప్పుడు నిన్నడుగుతుండా."

కాగితం తీసి చదివాడు. తన ఇష్టం గొంతులో తెలియకుండా చదవడం ఇరవై వేల ఫోన్లలో అలవాటైన పని. ఆ రోజు మాత్రం నాలుగుసార్లు తడబడ్డాడు.

యంత్రం అర క్షణం తీసుకున్న ప్రశ్నకు అంకమ్మ ఎంతసేపు తీసుకుందో అక్కడున్న ముగ్గురూ గోడ గడియారంలో చూశారు. సెకన్ల ముల్లు సగం చుట్టు తిరిగింది.

"గోడ కడితే ఆగుద్దో లేదో నాకు తెలీదు," అంది. "పోతే ఆడ ఏం చేసి బతుకుతామో తెలీదు. సముద్రం వస్తుండేది నాకూ కనపడతానే ఉంది. తెలీనిదాన్ని తెలుసనమంటావా?"

"అనమనలా."

"అయితే తెలీదని రాసుకో. అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే చెప్తామని రాసుకో."

"తెలీదనేదానికి గడి ఉందక్కా. రెండోదానికి లేదు."

"గియ్యి."

మాల్యాద్రి పెన్ను తీసి కాగితం అంచున గడి గీశాడు. గీత వంకరపోయింది. సువర్చల వంగి చూసింది గాని వద్దనలేదు.

ఎనిమిదీ అయ్యాయి. అవతల ఊపిరి ఇంకా ఉంది.

"ఒకటడగొచ్చా? కాగితంలో లేనిది."

జవాబు రాలేదు. రాకపోతే రాలేదనే అనుకోవాలి. ఆగాడు.

"అడుగు," అంది.

"నామీద కోపం పోయిందా?"

ఈసారి గడియారం ఎవరూ చూడలేదు.

"లేదు," అంది అంకమ్మ. "ఉంది." కొంచెం ఆగి, "ఈసారి పచ్చియ్యి చూసి తే. ఆ పళ్ళు సాయంత్రానికే మెత్తబడినయి," అంది. డబ్బా మూత మళ్ళీ పెట్టిన చప్పుడు లేకుండానే లైను తెగింది.

మాల్యాద్రి హెడ్‌ఫోను తీశాడు. సువర్చల ఒక ఫారం అతని ముందు పెట్టింది. సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నందుకు కారణం అని ఉంది. కింద మూడు గీతలున్నాయి. అతనికి ఒకటిన్నర చాలింది.

'ఆ గొంతు మా అక్కది కాదు. మా అక్కకు నామీద ఇంకా కోపం ఉంది.'

సంతకం పెట్టాడు. దాని కింద పేరు, ఊరు, వయసు నింపాడు. ఆఖరున పుట్టిన తేదీ అని ఉంది. జనవరి అని రాయడానికి పెన్ను ఆనించాడు. బల్ల కింద మోకాలు ఆడుతూనే ఉంది.

పెన్ను ఎత్తాడు. తెలియదు అని రాశాడు.